కొంగుచాటు నుంచి గుర్రం మీదికి

వేసవి సెలవులు ఇచ్చిన రోజు పిల్లలకి పండగ, తల్లికి పరీక్ష. రెండోనాటి మధ్యాహ్నానికల్లా "అమ్మా, ఏం తోచటం లేదే!" అన్న పాట మొదలవుతుంది. మూడోనాటికి ఏ కుర్చీకాలో విరుగుతుంది. నాలుగోనాడు పక్కింటావిడ పిట్టగోడ మీదుగా, "మావాణ్ణి ఈతకి పంపుతున్నామండీ, చిన్నదాన్ని బొమ్మలు వెయ్యడం నేర్పే క్లాసులో చేర్పించాం" అంటుంది. అంతే, మన గుండెల్లో రాయి పడుతుంది. ఇన్నాళ్ళూ బుద్ధిమంతుడిలాగే ఉన్న మన పిల్లవాడు ఒక్కసారిగా పిరికివాడిలాగా, సోమరిపోతులాగా, ఎందుకూ కొరగానివాడిలాగా కనిపించడం మొదలుపెడతాడు. ఈ రెండు నెలల్లో వీణ్ణి ఎలాగైనా మనిషిని చెయ్యాలి! సెలవులు ఇచ్చింది ఆడుకోవడానికి కదా అన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఈ బెంగ మన వీధికే పరిమితం అనుకోకండి. అమెరికాలో అయితే ఇది నూట అరవై ఏళ్ళు దాటిన బెంగ. 1861 లో కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ సముద్రపొడ్డుకి తీసుకువెళ్ళి, గుడారాలు వేయించి, కొన్నాళ్ళు అక్కడే ఉంచాడు. ఆ దేశపు వేసవి శిబిరాలకి అదే మొదలని చెబుతారు. ఆ తరవాత అడవుల్లో శిబిరాలు వచ్చాయి, సరస్సుల పక్కన శిబిరాలు వచ్చాయి. పడమటి రాష్ట్రాల్లో పశువుల రాంచ్‌ల మీద కూడా శిబిరాలు వెలిశాయి. అమెరికాలో పిల్లల్ని పెంచుకుంటున్న మనవాళ్ళకి ఇదంతా కొత్తేమీ కాదు. మే నెల వచ్చేసరికి వాళ్ళ ఫోను మాటల్లో సగం 'సమ్మర్ క్యాంపు' గురించే కదా!

రాంచ్ అంటే మన కమతం లాంటిది కాదు. ప్రొద్దున్నే గుర్రమెక్కి బయలుదేరినవాడు సాయంత్రానికి కూడా తన కంచె అవతలి కొస చూడలేకపోవచ్చు. అంత మేర. అందులో ఆవులు, దూడలు, గుర్రాలు, వాటిని కాసే మనుషులు. అరిజోనా రాష్ట్రంలో మేయర్ అనే ఊరి దగ్గర ఆర్మ్ దంపతులు 1929 లో తమ రాంచ్ మీదే చిన్న బడి పెట్టారు. చదువుకున్నది తమ పిల్లలు, పనివాళ్ళ పిల్లలు. తరవాత అది పెద్ద బడి అయింది, అక్కడ వేసవి శిబిరమూ నడిచింది. పని జరిగే చోటే పిల్లలు ఉండడమన్నమాట. ఇంకో రకం చోటు కూడా ఉంటుంది. అక్కడ టోపీ ఉంటుంది, బూట్లు ఉంటాయి, గుర్రమూ ఉంటుంది. కాని పిల్లవాడు ప్రొద్దున్న లేవకపోతే నష్టపోయే ప్రాణి ఒక్కటీ ఉండదు.

ఈ రెండింటికీ ఉన్న తేడాయే నా ఈ వ్యాసానికి విషయం. రాంచ్ మీద వేసవి గడిపిన పిల్లల కథలు అమెరికావాళ్ళు చాలా రాసుకున్నారు, చాలా తీసుకున్నారు. వాటిలో ఒక టెలివిజన్ సీరియల్, రెండు సినిమాలు, ఒక స్వీయకథ ఏరి పక్కపక్కన పెట్టి చూద్దాం. మనలాంటి వాళ్ళు వీటిని చూడవలసిన కారణం వేరే ఉంది. సీరియల్లోనూ సినిమాల్లోనూ పిల్లవాణ్ణి రాంచ్‌కి తోలడం వెనక ఒక రహస్యమైన ఆరోపణ దాక్కుని ఉంటుంది. ఆ ఆరోపణ ఎవరిమీదో కాదు, అమ్మ మీద.

మొదట సీరియల్ సంగతి. 1955 లో డిస్నీవారి 'మికీ మౌస్ క్లబ్' కార్యక్రమంలో 'ద అడ్వెంచర్స్ ఆఫ్ స్పిన్ అండ్ మార్టీ' వచ్చింది. లారెన్స్ ఎడ్వర్డ్ వాట్కిన్ 1942 లో రాసిన 'మార్టీ మార్కమ్' నవల దీనికి ఆధారం. బడి నుంచి వచ్చి పాలగ్లాసు పట్టుకుని టెలివిజన్ ముందు కూర్చున్న ఆనాటి అమెరికా పిల్లలకి ఇది ప్రాణం. మార్టీ తల్లీతండ్రీ లేని పిల్లవాడు. డబ్బుగల నాయనమ్మ దగ్గర పెరిగాడు. 'ట్రిపుల్ ఆర్' అనే రాంచ్ శిబిరానికి పెద్ద కారులో, సేవకుణ్ణి వెంటబెట్టుకుని దిగుతాడు. ఆ చోటు చూసి ముక్కు చిట్లిస్తాడు. అసలు సంగతి ఏమిటంటే వాడికి గుర్రమంటే చచ్చే భయం. స్పిన్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. గుర్రమెక్కడం వచ్చినవాడు, తోటిపిల్లలందరికీ ఇష్టుడు. ఇద్దరికీ పడదు. ఇక ఏం జరుగుతుందో మీరు చెప్పగలరు. పోట్లాడుకుంటారు, కొట్టుకుంటారు, చివరికి ప్రాణస్నేహితులవుతారు.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. మార్టీ భయాన్ని రచయిత వేళాకోళం పట్టించినా, ఆ భయాన్ని వదిలించుకునే పని మాత్రం వాడికే, వాడి తీరికకే వదిలేశాడు. వాడు ఎవరూ చూడకుండా, చాటుగా, నెమ్మదిగా గుర్రమెక్కడం నేర్చుకుంటాడు. పిల్లలు ఏదైనా నేర్చుకునేది చాలావరకు అలాగే. సైకిలు తొక్కడం నేర్చుకునేవాడు నలుగురూ తిరిగే వీధి వదిలి మిట్టమధ్యాహ్నం ఖాళీ సందులోకి ఎందుకు వెళ్తాడో ఏ తల్లికైనా తెలుసు.

నచ్చనిదీ ఉంది. 'ట్రిపుల్ ఆర్' మీద రాంచ్ పని కంటికి ఆనదు. గుర్రం అక్కడ పశువు కాదు, పరీక్ష పేపరు. ఎక్కినవాడు పాసు, ఎక్కలేనివాడు ఫెయిలు. మార్టీకి మనసులో ఏమి దక్కిందన్న ప్రశ్న కంటే, తోటిపిల్లలు వాణ్ణి తమలో కలుపుకున్నారా లేదా అన్నదే కథకి ముఖ్యం. 1956 లో వచ్చిన రెండో సీరియల్లో సరస్సు అవతలి ఒడ్డున ఆడపిల్లల శిబిరం కూడా పెట్టారు. హమ్మయ్య, ఆడపిల్లలూ వచ్చారు అనుకుంటాం. తీరా చూస్తే, వాళ్ళు వచ్చింది ఎక్కువగా మగపిల్లలు సిగ్గుపడడానికీ, కలిసి నాట్యం చెయ్యడానికీ! ఇక నాయనమ్మ సంగతి. ఆవిడ పెంపకం వల్లనే మనవడు కొరగాకుండా పోయాడన్న మాట నోటితో ఎవరూ అనరు. కాని ఆ పెద్ద కారు, ఆ సేవకుడు, ఆ ముక్కు చిట్లింపు, అన్నీ కలిసి ఆ మాటే అంటాయి. ఆడవాళ్ళు పెంచిన పిల్లవాణ్ణి మగవాళ్ళు బాగుచెయ్యాలి. కథ అంతా నవ్వుతూనే జరిగిపోతుంది కనక ఈ ముల్లు పెద్దగా గుచ్చుకోదు.

గట్టిగా గుచ్చుకునేది 1972 లో వచ్చిన 'ద కౌబాయ్స్' సినిమాలో. విలియం డేల్ జెన్నింగ్స్ నవలకి మార్క్ రైడెల్ దర్శకుడు. జాన్ వేన్ ముసలి రాంచ్ యజమాని. బంగారం దొరుకుతోందన్న కబురు విని పనివాళ్ళంతా అటు పరుగెత్తిపోతే, నాలుగువందల మైళ్ళ దూరం మందని తోలుకుపోవడానికి ఆయనకి మనిషి దొరకడు. చివరికి బడిపిల్లలు పదకొండుమందిని పనిలో పెట్టుకుంటాడు. ఇది శిబిరం కాదు, నిజమైన పని. పిల్లలు నిద్ర ఆపుకుంటారు, మందని కాపు కాస్తారు, వంటవాడి బండి వెనక తింటారు. సినిమాలో సగభాగం చాలా బాగుంటుంది. పెద్దవాళ్ళు తమని నమ్మి ఒక పని అప్పజెప్పినప్పుడు పిల్లల నడకలో వచ్చే మార్పుని రైడెల్ శ్రద్ధగా పట్టుకున్నాడు.

ఆ తరవాత ఒక దృశ్యం వస్తుంది. ఒక పిల్లవాడికి నత్తి. ఏటిలో స్నేహితుడు మునిగిపోతుంటే, కేక వేద్దామన్నా వాడికి మాట పెగలదు. ఎలాగో ఆ గండం గడుస్తుంది. అప్పుడు జాన్ వేన్ ఆ పిల్లవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి, నీవల్ల నీ స్నేహితుడు చచ్చేవాడంటూ చెడామడా తిడతాడు. పిల్లవాడికి ఉక్రోషం వచ్చి ఆయన్ని బూతుమాటతో తిరిగి తిడతాడు. మళ్ళీ తిడతాడు, ఇంకా గట్టిగా తిడతాడు. ఆ తిట్టులో నత్తి ఎగిరిపోతుంది! హాలులో జనం చప్పట్లు కొట్టేటందుకు తీసిన దృశ్యం ఇది. నత్తి ఉన్న బిడ్డని పెంచిన తల్లి మాత్రం చప్పట్లు కొట్టదు. అందరి ముందూ అవమానిస్తే నత్తి పోదు, ఉన్న రెండు మాటలూ గొంతులోనే ఉండిపోతాయి. ఆ బిడ్డ మాట పూర్తి అయ్యేదాకా తొందరపెట్టకుండా వినడమే ఆవిడ చేసిన వైద్యం. దానికి తెరమీద చోటు లేదు. చప్పట్లు పడవు కదా!

చివరికి దొంగలు జాన్ వేన్‌ని కాల్చి చంపుతారు. పిల్లలు పథకం వేసి దొంగలందరినీ చంపి, మందని తిరిగి తెచ్చుకుని, గమ్యం చేరుస్తారు. ఇంత పని నేర్పించి, చివర పట్టా పుచ్చుకోవడానికి వాళ్ళ చేతిలో తుపాకీయే పెట్టాలా? ఆ రోజుల్లోనే కొందరు విమర్శకులు ఈ ప్రశ్న అడిగారు. నాకైతే ఇంకొకటి కూడా తోచింది. ఆ పదకొండుమందికీ తల్లులున్నారు. బయలుదేరే వేళ చూసిన ఆ తల్లుల్ని సినిమా మళ్ళీ తలుచుకోదు. చంపి వచ్చిన పిల్లల్ని తిరిగి ఇంట్లోకి తీసుకోవలసినవాళ్ళు వాళ్ళే. ఆ గడప దగ్గరి దృశ్యం రాసే ధైర్యం ఉంటే ఇది గొప్ప సినిమా అయి ఉండేది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. గ్లెండన్ స్వార్థౌట్ 1970 లో రాసిన నవల, 'బ్లెస్ ద బీస్ట్స్ అండ్ చిల్డ్రన్'. పశువుల్నీ పిల్లల్నీ చల్లగా చూడమని దేవుణ్ణి అడగడమన్నమాట. మరుసటి ఏడే స్టాన్లీ క్రేమర్ దీన్ని సినిమాగా తీశాడు. 'జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్', 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్' తీసిన క్రేమరే. కార్పెంటర్స్ పాడిన ఇందులోని పాట ఆస్కార్ పోటీదాకా వెళ్ళింది. ఇందులో కాటన్ అనే పిల్లవాడి కోసం కట్టిన ఒక బాణీకి తమాషా అయిన జాతకం పట్టింది. 1973 నుంచి అది ఒక టెలివిజన్ సీరియల్‌కి ముందుపాట అయింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ సమయంలో పద్నాలుగేళ్ళ నాదియా కొమనేచి దృశ్యాలకి టెలివిజన్ వాళ్ళు అదే జోడించడంతో, లోకమంతా దాన్ని 'నాదియా పాట' అనేసింది. ఓడిపోయిన పిల్లవాడి కోసం కట్టిన బాణీ, గెలిచిన ఆడపిల్ల పేరుమీద చలామణి అయిందన్నమాట.

కథ అరిజోనాలో, ప్రెస్కట్ దగ్గరి కొండల్లోని ఒక మగపిల్లల శిబిరంలో జరుగుతుంది. అబ్బాయిని పంపండి, కౌబాయ్‌ని చేసి తిరిగి పంపుతాం అన్నది ఆ శిబిరం వాళ్ళ ప్రకటన. పిల్లల్ని జట్లు జట్లుగా చేసి, ఒక్కో జట్టుకి ఒక్కో రెడ్ ఇండియన్ తెగ పేరు పెడతారు. వారం వారం పోటీలు. గెలిచిన జట్టుకి గోడకి తగిలించుకునేందుకు బైసన్ తలకాయ. ఆ తరవాతి జట్లకి ఎలుగుబంటి తల, కొండచిరుత తల, అలా. అన్నిటికంటే కింద ఉన్న జట్టుకి తల లేదు, తెగ పేరూ లేదు. వాళ్ళకిచ్చే బహుమానం రాత్రిళ్ళు మంచంకింద పెట్టుకునే మూత్రపు కుండ. వాళ్ళ పేరు 'పక్క తడిపేవాళ్ళు'.

ఆ ఆఖరి జట్టులో ఆరుగురు. నాయకుడు కాటన్. కార్లు ఎత్తుకుపోవడంలోనూ గురి చూసి కాల్చడంలోనూ నేర్పరి టెఫ్ట్. నిజంగానే పక్క తడిపే గుడెనో. హాస్యనటుడి కొడుకు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే షెకర్. ఒకరంటే ఒకరికి పడని లాలీ అన్నదమ్ములు. అందులో చిన్నవాడికి తన తలగడ లేనిదే కునుకు పట్టదు. ఏ జట్టూ వద్దన్న పిల్లలందరూ కలిసి ఒక జట్టు అయ్యారు.

ఒకనాడు వీళ్ళు బైసన్‌ల వేట చూస్తారు. బైసన్ అంటే మన అడవిదున్నకి దూరపు చుట్టమనుకోండి. మెడమీద ఇంత మూపురం, గడ్డం, కొండలాంటి తల. ఒకప్పుడు అమెరికా మైదానాల్లో కోట్ల లెక్కన తిరిగిన జంతువు. తోళ్ళకోసం, సరదాకోసం కాల్చి కాల్చి, 1880ల చివరికి వెయ్యి చుట్టుపక్కలకి తెచ్చారు. (తరవాత బుద్ధి వచ్చి కాపాడుకున్నారు, 2016 లో దాన్నే తమ జాతీయ క్షీరదంగా ప్రకటించుకున్నారు.) నవలలో, సర్కారువారి రక్షణలో పెరిగిన మంద మరీ పెరిగిపోకుండా, చీటీలు తీసి ఎంచిన వేటగాళ్ళ చేత కొన్నిటిని కాల్పిస్తుంటారు. కంచెల మధ్యకి తోలిన జంతువులు, ఎదురుగా తుపాకులు. పారిపోవడానికి చోటు లేదు. గురి తప్పిన గుండు తగిలి కొన్ని చావలేక చస్తుంటాయి. అది చూసి వచ్చిన పిల్లలకి ఆ రాత్రి అన్నం సయించదు. మిగిలినవాటిని మర్నాడు కాలుస్తారు. ఆరుగురూ అర్ధరాత్రి లేచి, వాటిని విడిపించడానికి బయలుదేరుతారు. కాస్త దూరం గుర్రాలమీద, తరవాత దొంగిలించిన ట్రక్కులో, పెట్రోలు అయిపోతే నడిచి.

ఇక్కడ స్వార్థౌట్ చేసిన పనికి మెచ్చుకోవాలి. శిబిరంలో గోడకి తగిలించిన బైసన్ తలకాయ విజయానికి గుర్తు. అదే బైసన్ ప్రాణంతో కళ్ళెదురుగా నిలబడేసరికి, ఆ విజయం అంటే ఏమిటో పిల్లలకి అర్థమవుతుంది. గెలిచినవాళ్ళు చచ్చినదాన్ని గోడకి తగిలించుకున్నారు. ఓడినవాళ్ళు బతికున్నదాని దగ్గరికి నడిచి వెళ్ళారు. రచయిత ఈ మాట ఉపన్యాసంగా చెప్పకుండా ఒక తలకాయతోనూ ఒక కుండతోనూ చెప్పాడు.

ఆ తరవాత జరిగేది ఇంకా బాగుంది. దొడ్డి తలుపులు తీస్తారు, బైసన్‌లు బయటికి వస్తాయి. వచ్చి పారిపోతాయా? పారిపోవు. కాస్త దూరం పోయి, నింపాదిగా మేస్తూ నిలబడతాయి. స్వేచ్ఛ అన్నది వాటికి తెలిస్తేగా! తెల్లారితే తుపాకులు వచ్చేస్తాయి. అప్పుడు పిల్లలు ఏం చేశారు? కొట్టారా? కాల్చారా? ట్రక్కులో గడ్డిమోపులు వేసుకుని, కాస్త కాస్త గడ్డి వెదజల్లుతూ ముందు నడిపారు. అంత పెద్ద జంతువులూ పెంపుడు ఆవుల్లాగా గడ్డి వెంట నడిచి వచ్చాయి.

నవల మొత్తంలో ఇదే నాకు ప్రాణమైన ఘట్టం. ఏమంటే, ఈ పిల్లల్ని శిబిరానికి పంపింది గట్టి మగవాళ్ళని చెయ్యమని. వాళ్ళకి నేర్పింది ఎక్కడం, కొట్టడం, కాల్చడం. తీరా ప్రాణాలు కాపాడవలసిన వేళ పనికొచ్చింది అదేదీ కాదు, తిండి పెట్టడం! మొరాయించే బిడ్డని వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వాకిట్లోకి ముద్ద చూపించి నడిపించే విద్య ఎవరిదో మీకు చెప్పాలా? ఏ అమ్మ వాసన వదిలించుకు రమ్మని పంపారో, ఆ అమ్మ పనే చేసి పిల్లలు ఆ రాత్రి పెద్దవాళ్ళయ్యారు.

చిత్రమేమిటంటే, ఇంత మంచి ఘట్టం రాసిన రచయితకే ఆ సంగతి పట్టినట్టు కనిపించదు. ఆయన తల్లుల్ని చూసిన చూపు మహా కటువైనది. ఒక తల్లి మళ్ళీ మళ్ళీ పెళ్ళాడుతూ ఉంటుంది, కొడుకు సంగతి పట్టదు. ఇంకో ఇంట్లో తల్లిదండ్రులు అన్నదమ్ముల్ని వదిలేసి దేశాలు తిరుగుతుంటారు. ఇంకో పిల్లవాడు తల్లిని విడిచి ఉండలేడు, అది మారుతండ్రికి కిట్టదు. పట్టించుకోకపోతే ఆ తల్లి చెడ్డది. ఎక్కువ పట్టించుకుంటే ఈ తల్లి చెడ్డది. మధ్యలో సరిగ్గా ఉండే తల్లి ఆ అయిదిళ్ళలో ఒక్కతె కూడా లేదంటే నమ్మడం కష్టం. క్రేమర్ మరో రెండాకులు ఎక్కువే చదివాడు. సినిమా మొదట్లోనే ఒక పీడకల చూపిస్తాడు. దొడ్డిలో పశువుల బదులు పిల్లలు, కాలుస్తున్నది పెద్దలు. చెప్పదలుచుకున్నది అప్పుడే చెప్పేశాక, చూసేవాళ్ళు తెలుసుకోవడానికి ఇంకేం మిగులుతుంది? పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో తినేవాళ్ళకి నాలుక మీదే తెలుస్తుంది. గరిటెతో ఉప్పు తీసి చూపించనక్కర్లేదు.

ఇంకో లోపం. కంచెవేసిన నేల ఇన్ని పశువులకే గడ్డి ఇస్తుంది, అంతకు మించితే పశువులూ చస్తాయి, నేలా చస్తుంది. మంద తగ్గించడం వెనక ఉన్న ఈ చిక్కుని సినిమా కంటికి కనిపించనివ్వదు. నిజమైన రాంచ్ మీద పెరిగిన పిల్లలకి ఇది చిన్నప్పుడే ఎదురవుతుంది. తల్లిలేని దూడకి సీసాతో పాలు తాపినవాడే, ఆ దూడ పెరిగి సంతకి పోయిన రోజు చూడాలి. అమెరికా పల్లెల్లో 'ఫోర్ హెచ్' సంఘాల పిల్లలు ఏడాదంతా పెంచిన పశువుని జిల్లా తిరణాలలో వేలానికి పెట్టి, దాని మెడ కౌగిలించుకుని ఏడుస్తారు. ప్రేమించడం, పోగొట్టుకోవడం ఒకే చోట నేర్పే బడి అది. ఆ కష్టమైన పాఠం జోలికి పోకుండా, వేటగాళ్ళని రాక్షసుల్ని చేసి చూపించడం తేలికదారి.

ముగింపు కూడా అంతే. నవలలో కాటన్ ఆ ట్రక్కుతో కంచెని బద్దలుకొట్టి, ఆ ఊపులో కొండ అంచు దాటి లోయలో పడి చనిపోతాడు. సినిమాలో తుపాకి గుండు తగిలి చనిపోతాడు. రెండింటిలోనూ వాణ్ణి అమరవీరుణ్ణి చేశారు. వాడు బతికి, మర్నాడు ప్రొద్దున్న ఆ పెద్దలందరి ముందూ నిలబడి, అవును, నేనే చేశాను అని ఉంటే? చచ్చినవాడి కోసం ఏడవడం సులువు. బతికొచ్చిన మొండివాణ్ణి ఇంట్లో పెట్టుకుని, వాడు చేసినది సరైనదే అని ఒప్పుకోవడం కష్టం. ఇక్కడా గడప దగ్గరి దృశ్యం రాయకుండానే రచయిత కలం మూశాడు.

ఆ రాయని దృశ్యం నాకు ఒక స్వీయకథలో దొరికింది. పుస్తకం పేరు 'లేజీ బీ', 2002 లో వచ్చింది. రాసినవారు సాండ్రా డే ఓకానర్, ఆవిడ తమ్ముడు ఆలన్ డే. ఓకానర్ అంటే 1981 లో అమెరికా సుప్రీంకోర్టుకి మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి అయినావిడ. 2023 లో పోయారు. అరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దు మీద, వాళ్ళ తాత 1880 లో మొదలుపెట్టిన రాంచ్ పేరే లేజీ బీ. దగ్గర్లో బడి లేక, చిన్న సాండ్రాని ఎల్ పాసోలో అమ్మమ్మ దగ్గర ఉంచి చదివించారు. సెలవులు వస్తే రాంచ్. అంటే ఈవిడవి కూడా వేసవి అనుభవాలే. కాకపోతే ఫీజు కట్టి కొనుక్కున్నవి కావు.

అందులో ఒక సంగతి చెబుతాను. ఆవిడకి పదిహేనేళ్ళు. మందని పోగుచేసి దూడలకి ముద్రలు వేస్తున్న మనుషులకి మధ్యాహ్నం భోజనం ట్రక్కులో తీసుకువెళ్ళే పని ఆవిడది. ఊరూ పేరూ లేని దారిలో టైరు పంక్చరైంది. సాయానికి మనిషి లేడు. ట్రక్కుని జాకీతో లేపి, బిగుసుకుపోయిన మరలతో పెనుగులాడి, ఒంటరిగా టైరు మార్చుకుని, ఆలస్యంగా చేరింది. తండ్రి భుజం తడతాడనుకుంది. ఆయన ఆలస్యమైందన్నాడు. టైరు సంగతి చెబితే, ముందుగా బయలుదేరవలసింది అన్నాడు. అంతే! ఒక పతకం లేదు, ఒక తలకాయ లేదు, ఒక మంచిమాట కూడా లేదు.

ఈ ఘట్టం చదివి తండ్రిది రాతిగుండె అనేవాళ్ళు ఉంటారు. ఒక్క మాట మెచ్చుకుంటే ఆయన సొమ్మేం పోయిందని నాకూ అనిపిస్తుంది. కాని ఆ పిల్ల ఆ సంగతి జీవితమంతా గుర్తుపెట్టుకుని, ఫిర్యాదుగా కాక పాఠంగా రాసుకుంది. ఎందుకంటే అక్కడ ఆలస్యం అన్న మాటకి అర్థం ఉంది. ప్రొద్దుటినుంచి ఎండలో పనిచేసిన మనుషులు ఆకలితో దారి చూస్తున్నారు. అది ఎవరో పెట్టిన పోటీ కాదు. మార్కుల కోసం పరుగెత్తేవాడికీ, ఆకలిగా ఉన్నవాళ్ళకి అన్నం అందించడానికి పరుగెత్తేవాళ్ళకీ ఎంత తేడా! మగవాళ్ళు మాత్రమే చేసే మందపోగు పనిలో ఆడపిల్ల చేరడం కూడా అక్కడ ఆవిడతోనే మొదలట. ఆ తరవాత మగవాళ్ళతో నిండిన కోర్టులో కూర్చోవడం ఆవిడకి మరీ కొత్తగా అనిపించి ఉండదు.

ఈ నాలుగూ పక్కపక్కన పెడితే నాకు తేలింది ఇది. మార్టీకి గుర్రం దొరికింది, కౌబాయ్ పిల్లలకి తుపాకీ దొరికింది. కాటన్ జట్టుకి గడ్డిమోపు, సాండ్రాకి అన్నం ట్రక్కు. మొదటి రెండూ పిల్లవాణ్ణి పదిమంది కంట్లో పెద్దవాణ్ణి చేశాయి. తరవాతి రెండూ లోపల పెద్దవాళ్ళని చేశాయి. పశువులకి వేళకింత మేత వెయ్యడం, చూడి ఆవు పక్కన రాత్రంతా మేలుకోవడం, జబ్బుచేసినదాన్ని వేరే కట్టి కనిపెట్టుకుని ఉండడం, ఎవరూ మెచ్చుకోకపోయినా మర్నాడు మళ్ళీ అదే చెయ్యడం: రాంచ్ పనిలో ముప్పాతిక భాగం ఇదే. టోపీ తీసేసి చూస్తే ఇది మనకి బాగా తెలిసిన పనే! మరి కొంగుచాటు బిడ్డని మగవాణ్ణి చెయ్యడానికి ఇంత దూరం పంపి, అక్కడ వాడికి నేర్పేది అమ్మ పనే అయితే, ఇంట్లో వాడు పాలగిన్నె ముట్టుకోబోతే "నీకెందుకురా, నువ్వెళ్ళి చదువుకో" అని తరిమింది ఎవరు?

అందుకని క్యాంపులు వద్దనడం లేదు. అవకాశం, స్తోమత ఉన్నవాళ్ళు నిక్షేపంలా పంపండి, మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ కూడా. ఫీజు కట్టేముందు మాత్రం గుర్రాలెన్ని, పతకాలెన్ని అని కాకుండా, మావాడు ప్రొద్దున్న లేవకపోతే అక్కడ ఎవరు పస్తుంటారు అని అడిగి చూడండి. ఎవరూ పస్తుండరండీ, అన్నీ మేమే చూసుకుంటాం అన్నారా, అది మంచి ఆటస్థలం, అంతే. పిల్లలు ఆడుకుని వస్తారు, అదీ మంచిదే. కాదు, ఒక దూడ పస్తుంటుంది అన్నారా, ఆ డబ్బు దండగ కాదు. ఈలోగా ఇంట్లో తులసికోటకి నీళ్ళు పొయ్యడం, పిల్లికి పాలు పెట్టడం, పెరుగు తోడెయ్యడం ఈ వేసవికి వాడికే అప్పజెప్పండి. ఒకనాడు మరిచిపోతాడు. మీరు గుర్తుచెయ్యకండి. మర్నాడు పెరుగు లేని అన్నం ఇంటిల్లిపాదికీ వడ్డించండి.